నిఖానామా చాలదు

గల్ఫ్ అనగానే తెలుగు పత్రికలకూ తెలుగు సాహిత్యానికీ రెండే బొమ్మలు గుర్తొస్తాయి. ఒకటి, పాతబస్తీకి వచ్చి పసిపిల్లను నిఖా చేసుకుపోయే ముసలి షేక్. రెండోది, మొగుడు దుబాయ్ పోతే రెండేళ్లు గుమ్మం పట్టుకుని నిలబడే ఆడమనిషి. మొదటి బొమ్మ చూసి కోపం తెచ్చుకోవాలి. రెండో బొమ్మ చూసి జాలిపడాలి. కోపమూ జాలీ అయిపోయాక పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ఈ రెండు బొమ్మల వెనక ఒక వీసా కౌంటరు ఉంది. ఆ కౌంటరు దగ్గర ఒక అంకె ఉంది. మా ఇళ్లలో ఎవరు ఎవరితో కలిసి బతకాలో, ఎవరు ఫోన్లో మాత్రమే బతకాలో తేల్చేది ఆ అంకే. దాన్ని వదిలేసి రాసిన గల్ఫ్ సాహిత్యం ఎంత కన్నీరు కార్చినా అది సగం సాహిత్యమేనని మేము అంటున్నాం.

పరాయి దేశంలో పనిచేసే మనిషి భార్యనో పిల్లల్నో తనదగ్గరికి పిలిపించుకోవాలంటే నిఖానామా ఒక్కటే చాలదు. ఖాజీ సంతకం, సాక్షుల సంతకాలు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు అన్నీ ఉన్నా చాలదు. నెలకు ఇంత జీతం వస్తోందని కంపెనీ రాసిచ్చిన కాగితం కావాలి. ఆ జీతం అక్కడి ప్రభుత్వం గీసిన గీతకు పైన ఉంటే ఫామిలీ వీసా. కింద ఉంటే లేబర్ క్యాంపులో ఇనప మంచం. దారిద్ర్యరేఖ అంటే ఏమిటో ఈ దేశంలో అందరికీ తెలుసు. దాని మీద కమిటీలు వేశారు, పుస్తకాలు రాశారు, కవితలు రాశారు. ఇది ఇంకో రేఖ. కుటుంబ రేఖ. దీని కింద కొన్ని లక్షల తెలుగు కుటుంబాలు బతుకుతున్నాయి. దీనికి మన భాషలో ఇంకా పేరు కూడా పెట్టలేదు.

కువైట్ సంగతి చూడండి. చాలాకాలం అక్కడ ఈ గీత 250 దీనార్ల దగ్గర ఉండేది. 2016లో దాన్ని 450కి పెంచారు. 2019లో 500 చేశారు. తర్వాత ఫామిలీ వీసాల తలుపు దాదాపు మూసేశారు. 2024 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు గీత 800 దీనార్లకు లేచింది. యూనివర్సిటీ డిగ్రీ, ఆ డిగ్రీకి తగిన ఉద్యోగం కూడా ఉండాలన్నారు. ఆ ఏడాదిలోనే డిగ్రీ షరతు తీసేశారు గానీ 800 మాత్రం అలాగే ఉంచారు. ఆనాటి మారకంలో అది రెండు లక్షల రూపాయలకు పైమాటే. అదే కువైట్‌లో ఇంటిపని మనిషికి 2016లో చట్టం ఖాయం చేసిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో మనిషి ఖరీదు 60 అని రాసింది. ఇంకో చేత్తో, భార్యాపిల్లలతో ఉండాలంటే ఆ మనిషి 800 ఖరీదు చేయాలని రాసింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మీరు మీ కథల్లో విధి అని, ఖర్మ అని, నసీబ్ అని రాస్తున్నది.

దుబాయ్, అబుదాబీ, షార్జా ఉన్న ఎమిరేట్స్‌లో 2019 దాకా జీతమొక్కటే కాదు, ఉద్యోగం పేరు కూడా చూసేవాళ్లు. కొన్ని కొలువులవాళ్లకే కుటుంబం తెచ్చుకునే అర్హత. 2019లో ఆ జాబితా ఎత్తేసి ఆదాయాన్నే కొలతగా పెట్టారు. 4 వేల దిర్హమ్‌ల జీతం, లేదంటే 3 వేలతో పాటు కంపెనీ ఇచ్చిన ఇల్లు. ఇదొక సంస్కరణ అని అక్కడి పత్రికలు రాశాయి. సరే, కొంతమందికి మేలు జరిగింది. కానీ మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పిల్లగాళ్లు ఏ జీతం మీద విమానం ఎక్కుతున్నారు? 2020లో మన భారత ప్రభుత్వమే గల్ఫ్‌కు పోయే కూలీల కనీస జీతాల అంచనాను తగ్గించి, ఎమిరేట్స్‌తో సహా కొన్ని దేశాలకు నెలకు 200 డాలర్లు అని సర్క్యులర్ ఇచ్చింది. అంటే సుమారు 735 దిర్హమ్‌లు. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడి, కార్మిక సంఘాలు గొడవ చేసి, చివరికి 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. 735 ఎక్కడ, 4 వేలు ఎక్కడ? కుటుంబ రేఖను గీసేది పరాయి ప్రభుత్వమే కావచ్చు. మనవాణ్ణి దాని కిందికి తోసే పనిలో సొంత ప్రభుత్వం చెయ్యి కూడా ఉంది.

సౌదీ పద్ధతి ఇంకొకటి. అక్కడ ఇఖామాలో ఏ వృత్తి రాసి ఉందన్నది మొదటి గండం. ఇఖామాలో 'ఆమిల్' అని పడిందంటే, అంటే కూలీ అని పడిందంటే, కుటుంబం మాట మరిచిపోవాల్సిందే. ఆ గండం గడిచి కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్ల మీద 2017 జూలైలో కొత్త పన్ను పడింది. మీద ఆధారపడిన ఒక్కొక్కరికీ నెలకు 100 రియాల్స్. ఏటా ఇంకో 100 పెంచుకుంటూ 2020 జూలైకి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు లెక్క వేసుకోవాలి. మొదటి ఏడు నెలకు 400 రియాల్స్. 2020కి వచ్చేసరికి నెలకు 1,600. ఏడాదికి 19,200. అదీ ఇఖామా తాజా చేసేటప్పుడు ముందే కట్టాలి. వీళ్లు కూలీలు కారు. అకౌంటెంట్లు, సేల్స్‌మెన్, డ్రాఫ్ట్స్‌మెన్, కంప్యూటర్ ఆపరేటర్లు. ఇరవై ఏళ్లుగా జెడ్డాలో, రియాద్‌లో, దమ్మాంలో కాపురాలు పెట్టుకున్నవాళ్లు. పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడి ఇండియన్ స్కూళ్లలో చదువుతున్నారు. ఈ పన్ను వచ్చాక తండ్రులు అక్కడే ఉండిపోయారు, తల్లులూ పిల్లలూ సామాన్లు కట్టుకుని టోలీచౌకీకీ, మెహదీపట్నానికీ వచ్చిపడ్డారు. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టలేదు. ఎవరి మీదా లాఠీ పడలేదు. ఒక అంకె మారింది, అంతే. కుటుంబం రెండు ముక్కలైంది.

ఇంత జరుగుతుంటే మనకు కనబడ్డదేమిటి?

సాగర్ సర్‌హదీ 'బాజార్' సినిమా 1982లో వచ్చింది. గల్ఫ్ డబ్బుతో వచ్చినవాడికి హైదరాబాదీ ఆడపిల్లను బీద తల్లిదండ్రులు కట్టబెట్టడం దాని కథ. గొప్ప సినిమా. అందులోని దుఃఖం నిజం. 1991లో హైదరాబాద్ బాలిక ఒకతె విమానంలో ఏడుస్తూ కనిపించి, పక్కన కూచున్న ముసలి మొగుడు పట్టుబడ్డప్పుడు దేశమంతా మా వైపు చూసింది. అదీ నిజమే. ఆ నిఖాలు చదివిన ఖాజీలనూ, కుదిర్చిన దళారులనూ జైల్లో పెట్టాలని మేమే ముందు అడుగుతాం. అయితే ఆ నిజాన్ని మీరేం చేశారు? గల్ఫ్‌కూ ముస్లిం ఇంటికీ ఉన్న సంబంధం మొత్తాన్నీ ఆ ఒక్క బొమ్మలో కుక్కేశారు. పాతబస్తీ అంటే ఆడపిల్లల సంత అన్నారు. ముస్లిం తండ్రి అంటే బిడ్డను అమ్ముకునేవాడన్నారు. ముస్లిం మొగుడు అంటే పెళ్లాన్ని ఇంట్లో పడేసి దేశాలు పట్టిపోయేవాడన్నారు. షేక్‌ను కట్టుకున్న ఆడపిల్లకు వీసా ఎలా దొరికిందో మీరు అడగలేదు. సొంత ఊరి మెకానిక్‌ను కట్టుకున్న ఆడపిల్లకు వీసా ఎందుకు దొరకలేదో అంతకన్నా అడగలేదు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. వాడి దగ్గర డబ్బుంది, వీడి దగ్గర లేదు. అడిగి ఉంటే షేక్ కథా కూలీ కథా ఒకే కథ అని తేలిపోయేది.

'ముస్లిం మగవాడికి కుటుంబం పట్టదు' అన్న మాట మా ముఖం మీదే అంటారు. సంస్కర్తలు అంటారు, హిందూత్వవాదులు అంటారు. అభ్యుదయం పేరుతో కూడా అంటారు. పెళ్లయిన నలభై రోజులకు సూట్‌కేసు సర్దుకుని పోయినవాడు, రెండేళ్లకోసారి రెండు నెలల ఛుట్టీ మీద వచ్చి, కన్నకొడుక్కి 'వీడెవడమ్మీ' అనిపించుకునేవాడు, వాడికి కుటుంబం పట్టకపోతే ప్రతి నెలా హవాలాలోనో బ్యాంకులోనో పైసలెందుకు వేస్తున్నాడు? సెల్‌ఫోన్లు లేని రోజుల్లో గంట సేపు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి పోయే వాడెవడైనా దొరికితే వాడి చేతిలో పెట్టి పంపినవాడికి కుటుంబం పట్టదా? వాడికి పట్టింది. వాడి జీతానికి పట్టలేదు. మీ విమర్శ ఆ తేడా గుర్తించదు. గుర్తిస్తే నేరం మా మతం మీద నుంచి జారి ఇంకెక్కడికో పోతుంది. అది మీకు ఇష్టముండదు.

ఈ గీత కింద ఉన్నవాళ్లు ముస్లింలు మాత్రమే కాదని కూడా మేమే చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు పల్లెల నుంచి పోయిన బీసీలు, దళితులు అదే క్యాంపులో పై మంచం మీద ఉన్నారు. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడవాళ్ల గతి ఇంకా అన్యాయం. వాళ్లకు గీత దాటడమన్న మాటే లేదు. ఇంటిపనివాళ్ల వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకునే వీలే లేదు. ఆమె పరాయి పిల్లకు పాలసీసా పట్టిస్తుంటే ఆమె బిడ్డ రాయచోటిలో అమ్మమ్మ చేతిలో పెరుగుతాడు. గల్ఫ్ అంటే ముస్లిం సమస్య అని ఒక పెట్టెలో పెట్టడం, వలస అంటే తెలంగాణ సమస్య అని ఇంకో పెట్టెలో పెట్టడం, ఆడవాళ్ల మీద హింస అని మూడో పెట్టెలో పెట్టడం వల్ల ఆ అంకె ఏ పెట్టెలోనూ పడకుండా తప్పించుకుంది.

ఇక మా పెద్దలతో కూడా ఒక మాట. ఉమ్మత్ గురించి జుమా ఖుత్బాల్లో మస్తుగా వింటున్నాం. ముస్లింలంతా ఒకే శరీరం, ఒక అవయవానికి నొప్పైతే ఒళ్లంతా జ్వరం అని వింటున్నాం. ఆ శరీరం ఇమ్మిగ్రేషన్ కౌంటరు దగ్గర ఎందుకు ముక్కలవుతోంది? ఉమర్ ఖలీఫా రాత్రిపూట గస్తీ తిరుగుతూ, యుద్ధానికి పోయిన మొగుడి కోసం ఒక ఆడమనిషి బాధపడటం విన్నాడనీ, ఆడది ఎన్నాళ్లు ఓర్చుకోగలదని కూతురు హఫ్సాను అడిగాడనీ, ఆ తర్వాత సిపాయిల్ని అంతకు మించి ఇంటికి దూరంగా ఉంచొద్దని ఆజ్ఞాపించాడనీ మా ఇళ్లలో నానమ్మలు కూడా చెబుతారు. నాలుగు నెలలని కొందరు, ఆరు నెలలని కొందరు. ఏదైనా రెండేళ్లు మాత్రం కాదు. ఆ కథనాన్ని భార్యకు సబర్ నేర్పడానికి వాడుకునే మౌల్వీలు ఉన్నారు. అందులో సబర్ చేయమని ఆడదానికి చెప్పలేదు. చట్టం మార్చమని పాలకుడు తనకు తానే చెప్పుకున్నాడు. ఆ పేరు చెప్పుకునే రాజ్యాలు ఈ రోజు సిపాయికి కాదు, మేస్త్రీకి రెండేళ్ల కాంట్రాక్టు రాసి, భార్యను తెచ్చుకునే హక్కుకు దీనార్లలో ధర కట్టాయి. వీటిని ఇస్లామీ రాజ్యాలని మేము పిలవదలుచుకోలేదు. వీటిని యజమానుల రాజ్యాలనే పిలుస్తాం.

చరిత్రలో ఈ దారి ఎదురు దిక్కున కూడా నడిచింది. నిజాం ఫౌజులో కొలువుకు హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్ల బ్యారక్‌లున్న చోటే ఇవాళ బార్కాస్ అయింది. వచ్చినవాళ్లు ఇక్కడే నిఖాలు చేసుకున్నారు, ఇళ్లు కట్టుకున్నారు, హైదరాబాదీలయ్యారు. వాళ్ల మునిమనవలు ఇవాళ అదే సముద్రం దాటి కూలికి పోతున్నారు. తాతలకు ఈ నేల కాపురం ఇచ్చింది. మనవలకు ఆ నేల మంచం మాత్రమే ఇస్తోంది.

ఇదంతా అరబ్బుల మొరటుతనం, నాగరిక దేశాల్లో ఇలా ఉండదు అనుకునేవాళ్ల కోసం లండన్ సంగతి చెప్పాలి. 1979లో పెళ్లి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ యువతికి హీత్రో విమానాశ్రయంలో కన్యాత్వ పరీక్ష చేశారు. ఇది బయటపడి పరువు పోయాక ఆ పరీక్షలు ఆపేశారు. 1980ల్లో ఇంకో నియమం నడిచింది. మీ పెళ్లి ముఖ్యోద్దేశం బ్రిటన్‌కు రావడం కాదని మీరే రుజువు చేయాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లంటే వీసా ఆఫీసరుకు అనుమానమే. 1997లో దాన్ని ఎత్తేశారు. 2012 జూలైలో డబ్బు గీత వచ్చింది. బ్రిటన్‌లో ఉన్న మనిషి బయటి దేశపు భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌన్లు సంపాదించాలి. బయటి దేశపు బిడ్డ కూడా ఉంటే 22,400. ఆ ఏడాది కనీస వేతనం మీద వారానికి 40 గంటలు పనిచేసినా 13 వేల పౌన్లు దాటేవి కావు. జీతం చాలకపోతే బ్యాంకులో 62,500 పౌన్లు నిలవ చూపమన్నారు. మొదట కన్యాత్వానికి రుజువు, తర్వాత ప్రేమకు రుజువు, ఇప్పుడు డబ్బుకు రుజువు. పరీక్ష మారింది. పరీక్ష పెట్టేవాడూ పరీక్షకు నిలబడేవాడూ మారలేదు.

ఈ నియమం మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. గీత ఉండటం సూత్రరీత్యా తప్పుకాదన్నారు. చాలా కుటుంబాలకు కష్టం కలిగిస్తోందని మాత్రం ఒప్పుకున్నారు. పిల్లల మేలు చూడాల్సిన బాధ్యతను ఈ నియమాలు సరిగా పట్టించుకోలేదన్నారు. అప్పటికే ఇంగ్లండ్ బాలల కమిషనర్ 2015లో వేయించిన నివేదిక కనీసం 15 వేల మంది పిల్లలు ఈ నియమం వల్ల నలిగారని అంచనా కట్టింది. తల్లినో తండ్రినో కంప్యూటర్ తెర మీద మాత్రమే చూసే ఆ ఇళ్లకు స్కైప్ కుటుంబాలని పేరు పెట్టింది. తీర్పు తర్వాత కొన్ని మినహాయింపులు రాశారు. 2024 ఏప్రిల్‌లో గీతను ఒక్కసారిగా 29 వేల పౌన్లకు పెంచారు. ఇంకా పెంచుతామన్నారు. ప్రభుత్వం మారాక ఆ పెంపు ఆగింది గానీ 29 వేల నుంచి వెనక్కి రాలేదు. అదే 2024లో ముసలివాళ్లకు సేవ చేసే కేర్ వర్కర్లుగా కొత్తగా వచ్చేవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. వాళ్ల తల్లులకు మా బిడ్డలు ఒళ్లు తుడవాలి. మా బిడ్డల పిల్లలు మాత్రం ఆ గడప తొక్కకూడదు. కువైట్‌లో రాయచోటి ఆడమనిషికి జరిగిందే ఇంగ్లీషులో జరిగింది.

అమెరికా 1996 చట్టంతో ఇదే పని చేసింది. స్పాన్సర్ ఆదాయం అక్కడి దారిద్ర్య ప్రమాణానికి 125 శాతం ఉండాలని, ఆ మేరకు కట్టుబడతానని సంతకం చేయాలని పెట్టింది. బ్రిటన్‌తో పోలిస్తే ఆ గీత కిందనే ఉంది. అయినా గీతే. ఇక్కడ ఒక పోలిక చెప్పకపోతే మా మాట సగమే అవుతుంది. తెలుగు పత్రికలు అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్న భార్యల కష్టం గురించి విస్తారంగా రాశాయి. చదువుకుని, ఉద్యోగం చేసే వీలు లేక ఇంట్లో మగ్గిపోయిన ఆడవాళ్ల బాధ అది. 2015లో వాళ్లలో కొందరికి పని హక్కు వచ్చినప్పుడు సంతోషంగా రాశాయి. ఆ బాధను మేము తక్కువ చేయం. ఆమె భర్త పక్కన ఉండి ఏడ్చింది, మా ఆడమనిషికి ఆ పక్క కూడా లేదు అని మాత్రం గుర్తు చేస్తున్నాం. ఒకే భాష మాట్లాడే ఇద్దరు ఆడవాళ్లు. ఒకరి వీసా పేరు తెలుగు పాఠకుడికి కంఠతా వచ్చు. ఇంకొకరి గీత ఎన్ని దీనార్లో తెలియదు. ఏ కులం, ఏ తరగతి, ఏ మతం బాధ వార్త అవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

'వచ్చినవాళ్లను పోషించే భారం ప్రభుత్వం మీద పడకూడదు కదా, అందుకే ఈ షరతు' అని వాదిస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చాలీచాలని జీతంతో ఊరుకాని ఊళ్లో పిల్లల్ని పెట్టుకుని అవస్థ పడటం మంచిది కాదని మా అమ్మానాన్నలూ అంటారు. కానీ బ్రిటన్‌లో ఇలా వచ్చిన భార్యకు స్థిరనివాసం దొరికేదాకా ప్రభుత్వ సాయం అడిగే హక్కే లేదు. గల్ఫ్‌లో వలసకూలీ కుటుంబాన్ని ఏ ప్రభుత్వమూ పోషించదు. లేని భారాన్ని సాకుగా చూపి గీత గీస్తున్నారు. అసలు కారణం వేరే. గల్ఫ్ రాజ్యాలకు పనిచేసే చేతులు కావాలి, కాపురం ఉండే జనం వద్దు. కువైట్ జనాభాలో మూడింట రెండొంతుల మంది విదేశీయులే. వాళ్లంతా కాపురాలు పెడితే పిల్లలు పుడతారు, బళ్లు కావాలి, ఏదో ఒక రోజు మేము ఇక్కడివాళ్లమే అంటారు. ఒంటరివాడైతే ఎప్పుడైనా విమానం ఎక్కించొచ్చు. జీతం తక్కువ ఇచ్చేదీ వాళ్లే, జీతం తక్కువ కాబట్టి కుటుంబం వద్దనేదీ వాళ్లే. ఆకలితో ఉంచి, సన్నగా ఉన్నావు పనికిరావు అన్నట్టుంది.

ఈ గీతకు మగ ముఖం కూడా ఉంది. స్పాన్సర్ అంటే మగవాడే అనుకుని రాసిన నియమాలివి. ఎమిరేట్స్‌లో 2019కి ముందు భార్య భర్తను తెచ్చుకోవాలంటే మగవాడి గీత ఆమెకు చాలేది కాదు. అంతకన్నా ఎక్కువ జీతమో, టీచరు, డాక్టరు, ఇంజనీరు లాంటి కొలువో చూపాల్సి వచ్చేది. బ్రిటన్‌లో ఆడవాళ్ల జీతాలు తక్కువ కాబట్టి 18,600 గీత వాళ్లనే ఎక్కువగా కొట్టింది. తెచ్చుకోబడిన భార్య వీసా భర్త ఇఖామాకు వేలాడుతుంది. వాడు కొట్టినా తిట్టినా ఆ కాగితం వాడి చేతిలోనే ఉంటుంది. గీత కింద ఉన్న ఆడది ఒంటరి. గీత పైన ఉన్న ఆడది ఖైదీ. ముస్లిం స్త్రీని ఉద్ధరిస్తామని బయలుదేరినవాళ్లు బుర్ఖా దగ్గరే ఆగిపోకుండా ఈ కాగితం దాకా రావాలి.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. మన అలంకారశాస్త్రం అష్టవిధ నాయికల్లో ఒకామెకు ప్రోషితభర్తృక అని పేరు పెట్టింది. మొగుడు దేశాంతరం పోయిన ఆడది. ఆమె జుట్టు దువ్వుకోదు, నగలు పెట్టుకోదు, దారి చూస్తుంది. ఆ విరహం చదువరికి రసం. గల్ఫ్ భార్య తెలుగు కథలోకి వచ్చినప్పుడు ఈ పాత పీట ఆమెకోసం సిద్ధంగా ఉంది. ఆమెను తీసుకొచ్చి దాని మీద కూచోబెట్టారు. నగల బదులు బుర్ఖా, మేఘం బదులు మొబైల్. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఎందుకు భార్యకు దూరమయ్యాడో ఒకసారి గుర్తు చేసుకోండి. వాడు కొలువు చేసేవాడు. పనిలో ఏమరుపాటుకు యజమాని శపించి ఏడాది పాటు భార్యకు దూరంగా తోలేశాడు. ఆ యజమాని ధనానికి అధిపతి కుబేరుడు. ఇన్ని శతాబ్దాల వ్యాఖ్యానాల్లో మేఘం పోయిన దారి మీద చర్చించినంతగా కుబేరుడి న్యాయం మీద ఎంతమంది చర్చించారు? యక్షుడి శాపానికి గడువు ఏడాది. మా వాడికి రెండేళ్లు, మళ్లీ రెండేళ్లు, మళ్లీ రెండేళ్లు. పైగా వాడు ఏ తప్పూ చేయలేదు.

'వలస పక్షులు' అన్న మాటను కూడా ఇక మానుకోండి. పక్షులు జంటలుగా, గుంపులుగా ఎగురుతాయి. జంటను గూట్లో వదిలి ఎగరమనే చట్టం పక్షులకు లేదు. ఈ ఉపమానం వలసను ప్రకృతి చేస్తుంది, ఋతువు చేస్తుంది. ఋతువు మీద ఎవరు కేసు వేస్తారు? ఎడబాటుకు తేదీ ఉంది, సంతకం ఉంది, మొహరు ఉంది. దాన్ని ఋతువని పిలిచేవాడు ఆ సంతకాన్ని దాచిపెడుతున్నాడు.

1992 డిసెంబర్ తర్వాత మా కవిత్వం గొంతు విప్పింది. 'జల్‌జలా' వచ్చింది, 'వతన్' కథలు వచ్చాయి. ముస్లిం ఇల్లు అంటే బయటివాడు ఊహించుకున్న ఇల్లు కాదని, దానికి గరీబీ ఉందని, వంటిల్లు ఉందని, దాని తెలుగు దానికి ఉందని చెప్పుకున్నాం. ఆ దారిలో ముందున్న పని ఇదే. మా కథలో ఇక ఎడబాటు ఒక్కటే ఉండకూడదు. ఎడబాటు ఎవరు రాశారో ఉండాలి. ఇఖామాలో వృత్తి మార్పించుకోవడానికి కఫీల్ చుట్టూ తిరిగినవాడు ఉండాలి. కాగితం మీద జీతం ఎక్కువ వేయించుకుని, చేతికి తక్కువ తీసుకుని, దొరికిపోతానేమోనని నిద్రపోనివాడు ఉండాలి. మూడు నెలల విజిట్ వీసా మీద పోయి, కాపురం అలవాటయ్యేసరికి తిరిగొచ్చిన ఆడమనిషి ఉండాలి. ఏడో తరగతి మధ్యలో రియాద్ బడి వదిలి టోలీచౌకీ బడిలో చేరి, తెలుగు రాక, వెనక బెంచీలో కూచున్న పిల్ల ఉండాలి. ఇవి ఏడుపు కథలు కావు. లెక్కల కథలు. లెక్క తెలిసిన పాఠకుడు జాలిపడి ఊరుకోడు.

కుటుంబం సమాజానికి సహజమైన, మౌలికమైన విభాగమనీ, దానికి రక్షణ ఇవ్వాలనీ 1948 మానవహక్కుల ప్రకటన 16వ అధికరణంలో రాసుకున్నారు. వలస కార్మికుల కుటుంబాలు కలిసి ఉండేలా చూడాలని 1990లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 44వ అధికరణంలో రాసింది. అది 2003లో అమల్లోకి వచ్చింది. గల్ఫ్ రాజ్యాలేవీ దాన్ని ఆమోదించలేదు. బ్రిటన్ ఆమోదించలేదు, అమెరికా ఆమోదించలేదు. తన కూలీల్ని ప్రపంచమంతా పంపి, వాళ్లు పంపే పైసల్ని ఏటా లెక్కగట్టి మురిసిపోయే భారతదేశం కూడా ఆమోదించలేదు. పంపేవాడూ తీసుకునేవాడూ ఒక మాట మీద ఉన్నారు. ఒక మాట మీద లేనిది మేమే. ముస్లింలం, దళితులం, బీసీలం, కడప ఆడవాళ్లం, ఎవరి పెట్టెలో వాళ్లం ఏడుస్తున్నాం.

మాకు జాలి వద్దు. గల్ఫ్ ప్రభుత్వాలతో ఒప్పందాలు రాసుకునేటప్పుడు జీతంతో పాటు కుటుంబం సంగతి కూడా రాయమని ఢిల్లీని అడగండి. ఎన్నికలప్పుడు గల్ఫ్ బాధితుల పేరెత్తే పార్టీలను ఈ గీత ఎన్ని దీనార్లో చెప్పమని అడగండి. విమర్శకులు గల్ఫ్ కథ చదివినప్పుడు అందులో కన్నీళ్లు ఎన్ని అని కాదు, ఆ అంకె ఉందా లేదా అని చూడండి. ఇద్దరు సాక్షుల ముందు, మెహర్ ఖాయం చేసి, ఖుబూల్ అని మూడుసార్లు చెప్పి కట్టుకున్న కాపురం మాది. దానికి నాలుగో ఖుబూల్ ఒక కంపెనీ అకౌంటెంటు చెప్పాలంటే మేము ఒప్పుకోం.